కుటుంబ సభ్యులు మినహా

"నల్ల రిబ్బన్లు ఎంతవరకు వచ్చాయి?" అని వంటగది గుమ్మంలో నిలబడి అడిగాడు ఆమె భర్త. గుమ్మం దాటి లోపలికి రావడం ఆయనకు అలవాటు లేదు. లోపల వేడి, పొగ, పైగా వేసుకున్నది తెల్ల చొక్కా. ఆమె అప్పుడే అన్నం గుండిగ దింపి, గంజి వార్చి, మోచేత్తో నుదురు తుడుచుకుంటోంది. సగం అయ్యాయని చెప్పింది. "సగమేనా? రేపు పొద్దున్నే ఊరేగింపు. ప్రతి చొక్కాకీ ఒకటి ఉండాలి కదా," అన్నాడాయన. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోతున్నాయి, ఎడమ చేత్తో కుడుతున్నాను, అందుకే ఆలస్యమవుతోంది అంది ఆమె. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "సూదికి ఏ చెయ్యయితేనేం," అని వెళ్ళిపోయాడు.

ఆ రిబ్బన్లు దేనికో ఆమెకు తెలియకపోలేదు. నెల రోజులుగా ఆ హోటల్లో మరో మాట వినపడటం లేదు. ప్రభుత్వం దేశమంతటికీ కలిపి కొత్త చట్టం తెస్తోంది. హోటళ్ళలో పొయ్యి దగ్గర పనిచేసే ప్రతి మనిషినీ, సొంతవాళ్ళయినా సరే, పనివాళ్ళ కింద రాయాలట. జీతం ఇవ్వాలట, వారానికో సెలవు ఇవ్వాలట, పనిలో దెబ్బ తగిలితే వైద్యం చేయించాలట, ఆ వైద్యం జరిగినన్నాళ్ళూ జీతం ఆపకూడదట. జీతానికి పెట్టుకున్నవాళ్ళకు ఇదంతా పాత చట్టంలోనూ ఉంది. కొత్తగా చేరింది ఆ 'సొంతవాళ్ళయినా సరే' అన్న ముక్క ఒక్కటే. ఆ ముక్క వినగానే హోటల్ యజమానుల సంఘం భగ్గుమంది. సంఘానికి అధ్యక్షుడు ఆమె భర్తే. కట్టుకున్న పెళ్ళానికి జీతమా, ఇదెక్కడి చోద్యం, రేపు ముద్దు పెట్టినందుకూ రసీదు అడుగుతారు అని హాల్లో కూర్చుని నవ్వుకున్నారు. ఆ నవ్వులకు టీ అందించింది ఆమే. చివరికి సంఘం తీర్మానించిందేమిటంటే, చట్టం వద్దనడం లేదు, అందులో 'కుటుంబ సభ్యులు మినహా' అని మూడు మాటలు చేరిస్తే చాలు. ఆ మూడు మాటల కోసం నల్ల రిబ్బన్లు, ఊరేగింపు, ఒకరోజు హోటళ్ళ బంద్.

బంద్ రోజు ఊళ్ళో ఏ హోటలూ తియ్యలేదు. వీళ్ళది కూడా ముందు షట్టరు వేసే ఉంది. వెనక వంటగదిలో మాత్రం ఆమె తెల్లవారకముందు నుంచీ వండుతూనే ఉంది. ఎండలో నినాదాలిచ్చి వచ్చే యజమానులందరికీ తిండి పెట్టాలి కదా. వాళ్ళంతా చొక్కాలకు నల్ల రిబ్బన్లతో వచ్చి, కడుపునిండా తిని, "వదినా, ఇవాళ మేం పని మానేసినా మీరు మానలేదు, చూశారా, దీన్నే ప్రేమ అంటారు," అని మెచ్చుకున్నారు. ఆ మాటన్నది సంఘం కార్యదర్శి. ఆయనకు పక్క వీధిలో బేకరీ ఉంది, అందుకని అందరూ బేకరీ ఆయన అంటారు. ఆయన భార్య కూడా తెల్లవార్లూ ఓవెన్ దగ్గరే ఉంటుంది. ఆమెను ఎవరూ పెద్దగా చూసింది లేదు.

ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకున్నా అది ఎవరి నెత్తిన పడుతుందో పేపర్లో రాయరు గాని, ఆ వంటగదిలో మాత్రం స్పష్టంగా తెలిసేది. ఒకప్పుడు అక్కడ ఇద్దరు వంట మాస్టర్లు ఉండేవారు. భోజనాల మీద పన్ను పెంచిన ఏడాది భర్త పెద్ద మాస్టర్ని పంపించేశాడు. "కొన్నాళ్ళు నువ్వు చూసుకో, పన్ను తగ్గగానే మళ్ళీ పిలిపిద్దాం," అన్నాడు. పన్ను తగ్గలేదు. గ్యాస్ ధర పెంచినప్పుడు చిన్న మాస్టరు కూడా వెళ్ళిపోయాడు. "ఇద్దరి పనీ ఒకేచోట ఉంటే గ్యాస్ కలిసొస్తుంది," అన్నాడు భర్త. పక్కనే ఉన్న అత్తగారు, "మా రోజుల్లో ఇంటి కోడలు పొయ్యి దగ్గర ఉంటే పరాయి మగాణ్ణి తెచ్చి పెట్టుకునేవాళ్ళమా," అని సర్దిచెప్పింది. అత్తగారు కూర్చునేది గల్లా దగ్గర, ఫ్యాను కింద. ఆవిడ రోజుల్లో ఆవిడ కూడా అక్కడే కూర్చుంది.

కాని సంఘంలో పరువు పోకూడదు కదా. పెళ్ళాం చేత వండిస్తున్నాడంటే అధ్యక్షుడి స్థాయి ఏం కావాలి? అందుకని ఆయన ఎక్కడ కూర్చున్నా, "మా మాస్టర్లు ఇద్దరూ పాతకాపులండీ, నా దగ్గరే ముసలివాళ్ళయిపోయారు," అని చెప్పుకుంటూ వచ్చాడు. ఎంతగా చెప్పాడంటే ఒక్కోసారి ఆయనే ఆ మాట నమ్మేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే గుమ్మంలోంచి తొంగి చూసి, "ఇవాళ మాస్టరు నిద్రపోయాడా?" అనేవాడు. అప్పట్లో అది సరసం అనుకుని ఆమె నవ్వేది. ఎందుకు నవ్వానా అని తర్వాత చాలాసార్లు తనను తానే తిట్టుకుంది.

చెయ్యి కాలింది పోయిన చలికాలంలో. హాలు కిటకిటలాడుతున్న రోజు, మూడు పొయ్యిలూ మండుతున్నాయి, ఒకదాని మీది నుంచి ఇంకోదానికి తిరగడంలో నూనె మూకుడు ఒరిగింది. కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళ దాకా ఉడికిపోయింది. కేక విని భర్త గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. "నూనె అంతా పోయిందా?" అన్నాడు. ఆ మాట ఆమె మర్చిపోదామని నిజంగా ప్రయత్నించింది. కంగారులో అన్నాడులే, మనసులో ఉండదులే అని ఎన్ని రకాలుగా సర్దుకున్నా, మందు రాసుకునే ప్రతిసారీ మంట కన్నా ముందు ఆ మాటే వచ్చేది. ఆస్పత్రిలో డాక్టరు ఎక్కడ కాలిందని అడిగితే ఆమె నోరు తెరిచేలోపే ఆయన, "ఇంట్లోనండీ, పాలు పొంగి," అన్నాడు. హోటల్లో కాలిందంటే తనిఖీవాళ్ళు వస్తారని దారిలోనే లెక్కవేసుకున్నాడు మరి. ఆరోజు నుంచీ కాగితాల్లో ఆమె చెయ్యి పాలు పొంగి కాలిన చెయ్యి.

పుండు మానింది గాని చర్మం బిగుసుకుంది. వేళ్ళు ఒకదాని మీదికొకటి ముడుచుకుపోతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే పిడికిలి ఇక తెరుచుకోదని, ఆపరేషన్ చేసి మూడు నెలలు వేడి తగలకుండా ఉంచాలని డాక్టరు చెప్పాడు. "వంట చేసుకుంటూ చేయించుకునే ఆపరేషన్ లేదాండీ?" అని అడిగాడు భర్త. లేదన్నాడు డాక్టరు. "అయితే ఈ సంఘం పని కానీ, తర్వాత చూద్దాం," అన్నాడాయన బయటికొచ్చాక. గిన్నెలు తోమే అక్క కిందటేడు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంటే పనివాళ్ళ ఆస్పత్రిలో కట్టు కట్టారు, ఇంట్లో కూర్చోబెట్టి జీతమిచ్చారు. ఆ రోజుల్లో వంటతో పాటు ఆ గిన్నెలు తోమింది కూడా ఆమే. ఆ అక్కే చెప్పింది, "అక్కడ కాలిన చేతులు బాగుచేసే డాక్టరమ్మ ఉందమ్మా, వేళ్ళు విడదీస్తుంది. కాకపోతే పనివాళ్ళకే." ఆమె ఆ రాత్రి ముడుచుకున్న చేతిని గుండెల మీద పెట్టుకుని, చట్టం ఉన్నది ఉన్నట్టు రావాలి, ఆ మూడు మాటలు చేరకూడదు, దేవుడా చేరకూడదు అని కోరుకుంది. పక్కనే భర్త అవి చేరాలని నిద్రలో కూడా ఉపన్యాసం ఇస్తున్నాడు.

ఊరేగింపు, బంద్ ఫలించాయి. ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. ఊరూరూ తిరిగి యజమానుల గోడు వింటుందట. బేకరీ ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కమిటీని ఆఫీసులో కలిసేకంటే ఈ హోటల్‌కే భోజనానికి పిలుద్దాం, మనం వంద చెప్పేకంటే వదిన నోటితో ఒక్క మాట చెప్పిస్తే చాలు, ఆడవాళ్ళే జీతం వద్దంటుంటే ఇంకెవరి కోసం చట్టం అన్నాడు. అందరూ శభాష్ అన్నారు. ఆమెను వంటగదిలోంచి పిలిచి హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బేకరీ ఆయన కళ్ళజోడు పెట్టుకుని కమిటీ పెద్దలా ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పమ్మా, నువ్వు రోజూ వంటగదిలో ఎంతసేపు ఉంటావు?"

"పొద్దున లేచిన దగ్గర్నుంచి..."

"అదిగో, అక్కడే కొంప ముంచుతున్నారు వదినా. 'తోచనప్పుడు వచ్చి ఓ చెయ్యి వేస్తుంటాను' అనండి."

"తోచనప్పుడు వచ్చి ఓ చెయ్యి వేస్తుంటాను. పొయ్యి మీద కూర ఉందండీ, అడుగంటుతోంది."

"కూర సంగతి తర్వాత. ఆ మాట నవ్వుతూ అనాలి. సరే, మరి జీతం కావాలా అని అడిగితే?"

"ఏమనాలి?"

"'ఇదంతా నాదే కదండీ, నా ఇంట్లో నాకు జీతమేమిటి' అనాలి. అర్థమైందా?"

ఆమె అత్తగారి వైపు చూసింది, భర్త వైపు చూసింది. "ఇదంతా నా పేరు మీద ఉందా?" అని అడిగింది. ఎత్తిపొడవాలని కాదు. అబద్ధమైతే రేపు అడిగినప్పుడు తడబడతానేమోనని నిజంగానే అడిగింది. అత్తగారు గల్లా మీద నుంచి నవ్వి, "వంటగదంతా నీదేగా తల్లీ, నేనెప్పుడైనా అడుగుపెట్టానా?" అంది. మగవాళ్ళంతా పగలబడి నవ్వారు. బేకరీ ఆయనకైతే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లోపల కూర మాడిన వాసన వచ్చింది. "మాస్టర్లు ఏం చేస్తున్నారయ్యా లోపల?" అన్నాడాయన. భర్త ఫ్యాను వైపు చూశాడు.

"ఇంకో సంగతి," అంది అత్తగారు. "ఆ చెయ్యి శాలువా కింద దాచుకో. భోజనాల దగ్గర అది కనిపిస్తే వాళ్ళకు ముద్ద దిగదు." అది కూడా నిజమేనన్నట్టు అందరూ తలాడించారు. బేకరీ ఆయన మరీ ముందుకెళ్ళి, ఆరోజు వదిన వంటగది ఛాయలకు కూడా పోకూడదు, బట్టలకు పొగ వాసన పడితే కమిటీవాళ్ళు పసిగడతారు, మాస్టర్లకు వదిలెయ్యండి అన్నాడు. "అవునవును, వాళ్ళున్నారుగా," అన్నాడు భర్త. అంతా వెళ్ళాక గుమ్మంలోకి వచ్చి, "తెల్లారేసరికి అన్నీ వండేసి, స్నానం చేసి కూర్చో. దానికింత మొహం ఎందుకు," అన్నాడు. తన మొహం ఎలా ఉందో ఆమెకు తెలియదు. ఆ గదిలో అద్దం లేదు.

కమిటీ వచ్చే రోజు భర్త చెప్పినట్టే చేసింది ఆమె. చీకటితోనే లేచి ఎడమ చేత్తో గరిటె తిప్పుతూ, కుడి మోచేత్తో మూకుడు అదుముతూ, అన్నం, రొట్టెలు, రెండు రకాల మాంసం, నాలుగు రకాల కూరగాయలు వండి మూతలు పెట్టింది. స్నానం చేసింది. శాలువా కప్పుకుని చెయ్యి దాచుకుంది. ఇక అక్కడే పెద్దమనుషుల తెలివి బయటపడింది. మామూలు రోజుల్లో హాలు సగం కూడా నిండదు. కమిటీ ముందు అలా బోసిగా ఉంటే బాగుండదని, సంఘంలో ప్రతివాడూ పెళ్ళాం బిడ్డల్నీ, బావమరుదుల్నీ వెంటబెట్టుకుని గిరాకీలా వచ్చి కూర్చోవాలని బేకరీ ఆయన అందరికీ చెప్పాడు. వచ్చారు. వస్తే వచ్చారు, ఊరికే ఎంతసేపని కూర్చుంటారు? కమిటీ రావలసిన వేళ దాటిపోయింది. దారిలో ఉన్నారు, ఇదిగో వచ్చేస్తున్నారు అని ఫోన్లు. పిల్లలు ఆకలని ఏడ్చారు. కొద్దిగా వడ్డించారు. వాళ్ళను చూసి పెద్దలు కూడా మొదలుపెట్టారు. పైసా ఇవ్వక్కర్లేని భోజనం, పైగా అధ్యక్షుడిది. మొహమాటం లేకుండా రెండోసారి, మూడోసారి అడిగి వేయించుకున్నారు. జీవితమంతా ఇతరులకు తిండి అమ్మినవాళ్ళు అలా తినడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎండ వాలే వేళకు కమిటీ కారు దిగేసరికి, లోపల గిన్నెలన్నీ తోముకోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

కమిటీలో ఒక పెద్దావిడ, ఇద్దరు మగవాళ్ళు. పొద్దున్నుంచీ ఊళ్ళు తిరిగి అలిసిపోయి ఉన్నారు. పెద్దావిడ ఆమె ఎదురుగా కూర్చుని, కాగితాలు బల్ల మీద పెట్టి, "ముందు ఏదైనా తిందామండీ, తర్వాత మాట్లాడుకుందాం. ఆకలికి ఏమీ చెవికెక్కదు," అంది. ఆ గొంతులో దయ ఉంది. ఆ గొంతు విని ఆమెకు ఆశ పుట్టింది. ఈవిడ ఆడమనిషి, ఈవిడకు తెలుస్తుంది, అడక్కుండానే తెలుస్తుంది అనుకుంది. అంతలో గిన్నెలక్క వచ్చి భర్త చెవిలో ఏదో చెప్పింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కూర లేదు, అన్నం లేదు, ఉన్నవి రొట్టె ముక్కలే.

బేకరీ ఆయనకు ఇదంతా పెద్ద విషయంగా తోచలేదు. "మాస్టర్లకు చెప్పి ఇంకో వాయి దింపించండి, ఎంతసేపు," అన్నాడు. పెద్దావిడ కుతూహలంగా, "ఎంతమంది మాస్టర్లున్నారు మీకు?" అని అడిగింది.

"ఇద్దరండీ," అన్నాడు బేకరీ ఆయనే, సంఘం గౌరవం అంతా భుజాన వేసుకుని. "ఎన్నాళ్ళ నుంచో ఇక్కడే ఉన్నారు."

"మంచిది. పనివాళ్ళ కింద రాశారు కదా వాళ్ళని?"

పాత చట్టం ప్రకారం కూడా అది రాయాల్సిందే. రాయలేదంటే తప్పు, మాస్టర్లే లేరు, పెళ్ళామే వండుతోందంటే ఇంకా పెద్ద తప్పు. భర్త నుదుటి మీద చెమట ఆమెకు స్పష్టంగా కనిపించింది. వంటగది గుమ్మంలో ఎన్నిసార్లు నిలబడినా అంత చెమట ఒక్కరోజు కూడా పట్టలేదు ఆయనకు. "ఇవాళ ఇద్దరూ సెలవు పెట్టారండీ," అన్నాడు చివరికి. అని, కుర్చీ వెనక్కి వచ్చి, ఆమె చెవి దగ్గర వంగి, పెదాలు కదలకుండా, "లే. ఒక్క అరగంట. ఏదో ఒకటి చేసి తే," అన్నాడు. ఆమె కదలకపోయేసరికి శాలువా పైనుంచి కాలిన చేతినే పట్టుకుని నొక్కాడు. కావాలని నొక్కాడో, ఏ చెయ్యో మర్చిపోయాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. కళ్ళల్లోంచి నీళ్ళు చిమ్మాయి.

పెద్దావిడ అది చూసింది. చూసి చాలా మంచిగా అంది: "వెళ్ళిరా అమ్మా. మాకోసం పెద్దగా ఏం చెయ్యొద్దు, అన్నమూ ఒక కూరా చాలు. నీతో తర్వాత తీరిగ్గా మాట్లాడతాం." పక్కనున్న మగవాళ్ళిద్దరూ ఊరటగా నవ్వారు. ఒకాయన, "కారం తక్కువ వెయ్యమ్మా," అన్నాడు.

ఇంత కాలం భర్త అన్న మాటలు, అత్తగారు అన్న మాటలు కలిపినా అంత నొప్పి పుట్టలేదు ఆమెకు. వాళ్ళయినా తనను మోసం చేస్తున్నామని తెలిసే చేశారు. ఈవిడకు తెలియనే తెలియదు. పెళ్ళాలు పొయ్యి దగ్గర పని చేస్తున్నారా లేదా అని తేల్చడానికి ప్రభుత్వం పంపిన మనిషి, ఆ పెళ్ళాన్నే వంటకు పంపించి, ఆ వంట తిని, తర్వాత తీరిగ్గా కూర్చుని నువ్వు పని చేస్తున్నావా అమ్మా అని అడుగుతుంది. తాను వండిన అన్నం తిన్న నోటితోనే ఆ మూడు మాటలు చేరుస్తుంది. రేపు ఏడాదికి తన పిడికిలి రాయిలా బిగుసుకుపోతుంది. అప్పుడు మోచేతులతో వండమంటారు. తప్పకుండా అంటారు, నవ్వుతూ అంటారు. లేచి వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. వీళ్ళంతా వెళ్ళిపోయాక మేడ మీద తామిద్దరూ పడుకునే గది తలుపు మూసుకుంటుంది. ఆ గది గురించి ఏ కమిటీ అడగదు. ఆమెకు భయం వేసింది. కాని ఆ భయంతో లేవడం కంటే కూర్చోవడమే సులువు అనిపించింది.

హాల్లో అందరూ ఆమె వైపే చూస్తున్నారు. తిని చేతులు కడుక్కున్న ఆడవాళ్ళు కూడా, బేకరీ ఆయన భార్య కూడా. ఎప్పుడు వచ్చిందో గాని గోడవారగా నిలబడి ఉంది, ఎర్రగా ఉబ్బిన కళ్ళతో.

"ఏమమ్మా, వెళ్ళవా?" అంది పెద్దావిడ.

ఆమె శాలువా తీసి కుర్చీ వీపు మీద వేసింది. నేర్పించిన వాటిలో ఒక్క మాట కూడా ఆ సమయానికి గుర్తు రాలేదు.

"ఆ ఇద్దరు మాస్టర్లూ నేనేనండీ. ముందు అది రాసుకోండి. ఇక వంట సంగతంటారా, ఇవాళ సెలవని మా ఆయనే చెప్పారు కదా."